ఇరవై వేల సాక్షులు

గురువారం ఉదయం పదీ ఇరవైకి సోమందేపల్లిలో బస్సు దిగాను. సాయంత్రం ఐదింటికల్లా సర్కిల్ ఇన్‌స్పెక్టర్ తిమ్మరాజు ఒక యాభై ఎనిమిదేళ్ల ఆడమనిషిని పెనుకొండలో మేజిస్ట్రేటు ముందు నిలబెడతాడు. ఒకసారి రిమాండు రాశారంటే ఆమెను బయటికి తేవడం నా వల్ల కాదు, నా తాత వల్లా కాదు. నా చేతిలో ఉన్నది ఆరు గంటల నలభై నిమిషాలు.

ఇది 1981 అక్టోబరు మాట. అప్పట్లో హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్టు పక్కన మేడమీది గదికి డిటెక్టివ్ హమీద్ అని బోర్డు కట్టుకుని కూర్చునేవాణ్ణి. పోలీసు ఉద్యోగానికి నమస్కారం పెట్టి వచ్చినవాడికి ఆ ఊళ్లో ఏం కేసులొస్తాయి? తూకంలో మోసాలు, రాత్రికి రాత్రి మాయమైన గూళ్ల మూటలు, ధర్మవరం మగ్గాలకు చేరకుండా దారిలో ఆవిరైన పట్టు. విషం పెట్టిన కేసు అంతవరకూ నా మెట్లెక్కలేదు.

ఎక్కించినవాడు అమీర్‌సాబ్. సోమందేపల్లిలో పట్టుపురుగులు మేపే రైతు, మార్కెట్టులో నాకు పరిచయం. ఆయన ఆరేళ్ల కొడుకు మస్తాన్‌కు ఆదివారం మధ్యాహ్నం ఫిట్స్ వచ్చాయి. హిందూపురం ఆసుపత్రిలో రెండు రోజులు ఉంచి, నయమైందని మంగళవారం పంపేశారు. బుధవారం ఒంటిగంటకు మళ్లీ వచ్చాయి, ఈసారి ఇంకా గట్టిగా. పిల్లవాడు మళ్లీ ఆసుపత్రిలో పడ్డాడు. అదే రోజు రెండున్నరకు, వాళ్లింట్లో పురుగులకు ఆకు వేసే కూలిమనిషి మల్బరీ తోట గట్టు మీద గుంత తవ్వుతూ కానిస్టేబుల్ కంటబడింది. ఆమె కొంగు కింద ఒక పాలపొడి డబ్బా. డబ్బాలో నల్లులపొడి. ఆమె చేసిందా లేదా అన్నది అమీర్‌సాబ్‌కు అనుమానం కాదు. ఎందుకు చేసిందో కనుక్కోమని నా దగ్గరికి వచ్చాడు.

ఆమె పేరు కుళ్ళాయమ్మ అని చెప్పగానే నేను టీ గ్లాసు కింద పెట్టేశాను. ఆ పేరు నాకు తెలుసు. ఆమెను పెనుకొండ నుంచి వెళ్లగొట్టించింది నేనే, నా ఎనిమిదో ఏట.

బస్సులో వస్తూ మనసు మళ్లించుకోవడానికి నా కూతురు రాసిన కార్డు మళ్లీ చదువుకున్నాను. దసరా సెలవులకు పెనుకొండలో మా అమ్మ దగ్గరుంది. ఏడేళ్ల పిల్ల, అక్షరాలు ఒకదానిమీద ఒకటి ఎక్కించి రాస్తుంది. "నాయనా, తల నిండా పేన్లు. గోకి గోకి పుండ్లైనాయి. గురువారం సాయంత్రం అవ్వ మందు పెడతాదంట, నీకు పెట్టిన మందే." ఆ చివరి మాట చదివి నవ్వుకున్నాను కూడా. నా చిన్నప్పటి గురువారాలు గుర్తొచ్చాయి.

*

పోలీసు ఔట్‌పోస్టు వరండాలో తిమ్మరాజు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మేమిద్దరం ఒకే ఏడు ఉద్యోగంలో చేరాం. పైవాళ్లు వంగమంటే వాడు పడుకునేవాడు, నేను నిలబడేవాణ్ణి. అందుకే వాడికి జీపు, నాకు బస్సు. నన్ను చూడగానే గూళ్లదొంగలు అయిపోయారా, పసిపిల్లల కేసుల్లోకి దిగావేంటని పలకరించాడు. నాలుగు గంటలకు బయల్దేరతానని, అంతవరకూ ఏం మాట్లాడుకుంటావో మాట్లాడుకోమని వాచీ చూపించాడు.

కుళ్ళాయమ్మ గోడవారగా కూర్చుని ఉంది. నా జ్ఞాపకంలో ఆమె తలనిండా కనకాంబరాలతో ఉండే మనిషి. ఇప్పుడు జుట్టు ముగ్గుబుట్ట. ఇరవై ఏడేళ్ల తర్వాత చూసినా గుర్తుపట్టింది. నేను నోరు తెరిచేలోపే, "ఖైరున్‌వదిన బాగుండాదా నాయనా?" అని అడిగింది. మా అమ్మను అడుగుతోంది. ఆ తర్వాత పిల్లోడు ఎట్లుండాడని అడిగింది. కళ్లు తెరిచాడని చెప్పాను. ఆమె కళ్లు మూసుకుని ఏదో మొక్కుకుంది.

"డబ్బా యాడిది అత్తా?"

"నాదే."

"పొడి?"

"సంతలో కొన్నా. ఎలకలకు."

నల్లులపొడితో ఎలక చావదు. మంచాలకీ తలలకీ ఆ పొడి చల్లి పెరిగిన ఏ ఇంటివాళ్లకైనా ఆ సంగతి తెలుసు. ఏ వారం కొన్నావంటే చెప్పలేదు, ఏ అంగట్లో అంటే చెప్పలేదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను చూసిన నేరస్తులంతా తప్పించుకోవడానికి అబద్ధాలాడారు. ఈమె ఇరుక్కోవడానికి ఆడుతోంది. అక్కడే నాకు అనుమానం మొలిచింది.

తిమ్మరాజుకు అలాంటి మొలకలంటే గిట్టదు. ఆకు తడిగా తెచ్చిందని పోయిన పంటలో అమీర్‌సాబ్ ఆమెను నలుగురిలో తిట్టాడట, అది కక్ష. ఆదివారం, బుధవారం పదిన్నరకు తన ఒడిలోంచి పిల్లవాడికి బొరుగులు, బెల్లం పెట్టింది, అది అవకాశం. డబ్బా ఆమె దగ్గరే దొరికింది, అది సాక్ష్యం. మూడూ వేళ్లమీద లెక్కపెట్టి, నాలుగో వేలు నా వైపు చూపించాడు.

"ఇంగ పాత కథ నువ్వే చెప్పల్ల హమీదూ. యాభై నాలుగులో మీ చెల్లెలు ఇట్లనే ఫిట్స్ వచ్చి పాయ. ఈమె ఏందో తెల్లగుండేది తినిపించిందని చెప్పిన సాక్షి ఎవరు?"

సాక్షిని నేనే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ కథ వాడికి చెప్పుకున్నదీ నేనే. చెల్లెలు రోషన్‌బీకి అప్పుడు నాలుగేళ్లు. ఆ సాయంత్రం పక్కింటి కుళ్ళాయమ్మ దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని బొరుగులు తినిపించింది. నాకు పెట్టలేదు. ఆ ఉక్రోషం నాకు ఇప్పటికీ గుర్తుంది. తెల్లవారుజామున చెల్లెలు కొట్టుకుని కొట్టుకుని పోయాక, నిన్న ఏం తిన్నదని పెద్దవాళ్లు అడిగితే, కుళ్ళాయమ్మత్త తెల్లగా ఏదో పెట్టిందన్నాను. బొరుగులు అని తెలిసీ ఆ మాట అనలేదు. మూడు రోజుల్లో వీధి వీధంతా కలిసి ఆమె సామాను బయట పడేసింది. ఆమె ఒక్కమాట ఎదురు చెప్పకుండా మూట నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయింది.

*

పదకొండూ ముప్పావుకు అమీర్‌సాబ్ ఇంటికి వెళ్లాను. ఆయన ఆసుపత్రిలో ఉన్నాడు, మూడింటి బస్సుకు వస్తానన్నాడు. భార్య మైమూనా గుమ్మంలోనే ఆపేసింది. అత్తరు పూసుకున్నారా, బీడీ తాగారా, తలకు నూనె రాశారా అని ఒక్కొక్కటే అడిగింది. నూనె రాశానంటే తలకు తడిగుడ్డ కట్టించింది. కాళ్లు కడిగించి, సున్నప్పొడిలో తొక్కించి, అప్పుడు పురుగుల గదిలోకి రానిచ్చింది. నా పెళ్లినాడు అత్తగారింట్లో కూడా ఇంత మర్యాద జరగలేదు.

లోపల వరసలు వరసలుగా తట్టలు, తట్టల్లో ఇరవై వేల పురుగులు. నాలుగో జ్వరం లేచాయి. పొర విడిచేముందు మేత మాని పడుకోవడాన్ని మావైపు జ్వరం అంటారు. ఇంకో వారంలో గూడు కడతాయి. ఆకు నమిలే చప్పుడు రేకుల మీద సన్నజల్లు పడుతున్నట్టుంది. ఒక్కటి కూడా నల్లబడలేదు, ఒక్కటి కూడా తల వాల్చలేదు.

ఆకు వేసేది ఎవరని అడిగాను. కుళ్ళాయమ్మా నేనూ అంది మైమూనా. పొద్దున ఆరు నుంచి పది, మళ్లీ పన్నెండుకు. ఆదివారం, బుధవారం కూడా కుళ్ళాయమ్మే తన చేత్తో తరిగి, తన చేత్తో పరిచింది.

"ఆ చేతికి నల్లులపొడి అంటుకోనుంటే?"

మైమూనా నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. "ఒక్క పురుగు మిగలదన్నా. పోయినేడు మా పక్కింట్లో సుట్టంపిల్ల తలకు ఆ పొడి పెట్టుకోనొచ్చి గదిలో నిలబడినాది. అంతే, తెల్లారేసరికి పంటంతా నల్లగా రాలిపాయ."

నా గుండె కుదుటపడింది. పదిన్నరకు ఒడిలోంచి విషం తీసి పిల్లవాడికి పెట్టిన మనిషి, అదే చేత్తో పన్నెండుకు ఇరవై వేల పురుగులకు ఆకు వేస్తే ఆ గది శ్మశానం కావాలి. కాలేదు. కుళ్ళాయమ్మ తరఫున కోర్టులో ఒక్క మనిషి నిలబడకపోయినా ఈ ఇరవై వేల సాక్షులు ఉన్నారు.

మరి పొడి ఎక్కడిదని అడిగాను. మైమూనా దాచలేదు. ఇంట్లోదే అంది. నల్లులకని సంతలో చిల్లరగా కొన్నది, పాతపేపరు పొట్లం. పురుగులు ఇంటికొచ్చిన రోజే ఆ గదిలోంచి తీసేసింది. పారేయడానికి మనసొప్పక, వాసన బయటికి రాకుండా బిగుతు మూతున్న ఖాళీ పాలపొడి డబ్బాలో పోసి, పురుగులకు అందనంత దూరంగా ఇంటికి ఆ చివర పెట్టింది. పక్షం దాటింది.

"ఆ చివర అంటే యాడ?"

"వంటింట్లో," అంది. ఆ మాట అన్నాక ఆమె మొహం నేను చూడలేదు, చూసే ధైర్యం లేక.

వంటిల్లు పురుగుల గదికి దూరంగా, పెరటివైపు ఉంది. మసి పట్టిన చెక్క అలమరలో ఒక పాలపొడి డబ్బా ఉంది. మూత తీస్తే బియ్యప్పిండి. దాని పక్కనే మసిలో ఇంకో డబ్బా అడుగు గుండ్రంగా తెల్లగా కనబడుతోంది. అక్కడ ఇన్నాళ్లూ కూర్చున్న డబ్బా ఇప్పుడు తిమ్మరాజు బల్లమీద ఉంది. రెండింటికీ ఒకే బొమ్మ, ఒకే మూత, చీటీ లేదు.

నువ్వు వంట చేస్తూ ఎప్పుడూ తికమక పడలేదా అని అడిగాను. పురుగులున్నన్నాళ్లూ ఆమె వంటింట్లో అడుగుపెట్టదట. పొగ, తిరగమోత ఘాటు చీరకు పట్టి పురుగులకు తగులుతాయని ఆ ఇంటి కట్టుబాటు. వాళ్ల అత్త కాలం నుంచీ అంతే. పంట ఇంట్లో ఉన్నంతకాలం పొయ్యి మగవాడిది, పురుగుల గదిలోకి అతను రాడు.

*

మూడూ పదికి అమీర్‌సాబ్ బస్సు దిగాడు. ఆయన్ను తిన్నగా ఔట్‌పోస్టుకు తీసుకొచ్చాను. మీ వంట కబుర్లు చెప్పమన్నాను. మనిషి కాస్త సిగ్గుపడ్డాడు. రోజూ సంగటే కెలుకుతానని, రొట్టె తట్టడం పెద్దగా రాదని, ఈ పక్షంలో రెండుసార్లే రాగిరొట్టెలు చేశానని చెప్పాడు. ఆదివారం పిల్లవాడు మారాం చేస్తే, బుధవారం ఆసుపత్రి నుంచి వచ్చాడు కదా అని. రెండుసార్లూ తాను సంగటి తిన్నాడు. మైమూనా సగం రొట్టె తిని తల తిరుగుతోందంది, నిద్రలేక అనుకున్నారు. మిగతావన్నీ మస్తాన్ తిన్నాడు.

"ముద్ద చేతికి అంటకుండా పిండి అద్దుకుంటారు గదా. యా డబ్బాలోది?"

"పాలపొడి డబ్బాలోది. అలమరలో ఉండాదే, అది."

తిమ్మరాజు బల్లమీది డబ్బాను ఎండలోకి తిప్పాను. మూత అంచున ఎండిపోయిన రాగిముద్ద, అందులో బొటనవేలి గుర్తు. కుళ్ళాయమ్మ వేలికి రెండింతలుంది. రొట్టె తడుతూ తడి చేత్తో మూత తీసినవాళ్ల వేలు అది. పొయ్యి పొగలో పొడి వాసన ముక్కుకు అంది ఉండదు. తిమ్మరాజు ఆ గుర్తునూ, అమీర్‌సాబ్ చేతినీ చూశాడు. వాడు మూర్ఖుడే గానీ గుడ్డివాడు కాదు.

అమీర్‌సాబ్ తన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, అవి ఎవరివో అన్నట్టు చూసుకుంటూ కూర్చున్నాడు. గోడవార నుంచి కుళ్ళాయమ్మ నా మీద మొదటిసారి గొంతు పెంచింది.

"ఎందుకు చెప్పినావు నాయనా? పెట్టినోడు నాయన, దాచిపెట్టింది తల్లి. ఇంగ వాళ్లు బతకల్లనా వద్దా? నాకైతే ముందూ వెనకా ఎవరూ లేరు."

బుధవారం పిల్లవాడు పడిపోగానే నోరు తుడవడానికి వంగిందట. నల్లులపొడి వాసన తగిలిందట. ఇంట్లోవాళ్లు బస్సుకు పరిగెత్తగానే వంటింట్లో వెతికి, డబ్బా పట్టుకుని పాతిపెట్టడానికి పోయింది. వాసనతోనే ఎలా పోల్చావని తిమ్మరాజు అడిగాడు. ఆమె నా వైపు చూసింది. వాడు విసుగ్గా డబ్బా మూత లాగాడు.

ఆ వాసన నా ముక్కుకు తగిలింది. బూజుపట్టిన గోనెసంచీ వాసనలాంటిది, కొంచెం తియ్యగా ఉంటుంది. ఎవరికైనా కంపే. నాకు మాత్రం అది మా అమ్మ ఒడి. గురువారం సాయంత్రం అరుగు మీద అమ్మ మోకాళ్ల మధ్య కూర్చుంటే, తల పాయలు పాయలుగా తీసి ఆ పొడి చల్లి, పాతచీర గుడ్డతో గట్టిగా కట్టేది. శుక్రవారం పొద్దున తలస్నానం. ఆ పొడి రాకముందు ఆడవాళ్లంతా అరుగుల మీద ఒకరి తల ఒకరు చూస్తూ, ఆముదం రాసి సన్నదువ్వెనతో దువ్వుతూ, పొద్దుపోయేదాకా కబుర్లు చెప్పుకునేవాళ్లు. ఆదివారం మంచాలు వీధిలోకి లాగి మసిలే నీళ్లు పోసేవాళ్లు. ఆ పొడి వచ్చాక కబుర్లు తగ్గాయి, పని తొందరగా అయిపోయేది. అమ్మకు అదొక గొప్ప. హిందూపురంలో గదిలో ఒక్కణ్ణే ఉన్నప్పుడు కూడా ఎక్కడైనా ఆ వాసన వస్తే ప్రాణం లేచొచ్చేది.

రోషన్‌బీ పోయింది శుక్రవారం తెల్లవారుజామున. తల నిండా పుండ్లు. అందుకని అమ్మ ఆ రాత్రి దానికి రెండింతలు పెట్టింది. పుండ్లు తొందరగా మాడతాయని. ఆ పచ్చిపుండ్లలోంచే అది ఒంట్లోకి దిగింది.

"అత్తా, నీకు అప్పుడే తెలుసునా?" అన్నాను.

"తెలుసు నాయనా. రోషన్ తల ఒళ్లో పెట్టుకున్నోళ్లకి తెలీకుండా ఉంటాదా? నేను చెప్పింటే మీయమ్మ ఆ పొద్దే బావిలో పడుండేది. నీకు ఎనిమిదేండ్లు. తల్లి లేకుండా నిన్ను ఎవురు సాకుతారు?"

నా మాట వల్ల ఊరు విడిచిన మనిషి, నాకు తల్లి మిగలాలని ఊరు విడిచింది. ఏడవాలనే అనిపించింది. ఏడ్చేవాణ్ణే, కానీ జేబులో కార్డు గుచ్చుకుంది. గురువారం సాయంత్రం. తల నిండా పుండ్లు. నీకు పెట్టిన మందే.

వాచీ చూశాను. నాలుగూ ఐదు. పెనుకొండ బస్సు ఐదింటికి. కార్డు తిమ్మరాజు చేతిలో పెట్టాను. చదివి, మడిచి నాకిచ్చి, టోపీ పెట్టుకున్నాడు.

"ఎక్కప్పా జీపు. అమ్మా, నువ్వూ ఎక్కు. కోర్టుకు కాదులే." డ్రైవరును పక్కకు జరగమని తనే స్టీరింగు పట్టుకున్నాడు. ఇన్నేళ్ల పరిచయంలో వాడు నాకు చేసిన ఒకే ఒక్క మంచిపని అది. ఇప్పటికీ వాణ్ణి తిట్టబోయినప్పుడల్లా అది అడ్డొస్తుంది.

*

నాలుగూ ముప్పైకి మా వీధి మలుపు తిరిగాం. అరుగు మీద మా అమ్మ. ఆమె మోకాళ్ల మధ్య నా కూతురు, దాని పేరు కూడా రోషనే. చుట్టూ పాతచీర పరిచి ఉంది. పక్కన డబ్బా, మూత తీసి ఉంది. అమ్మ గుప్పిట్లో పొడి.

జీపు ఆగకముందే దూకి ఆ చెయ్యి పట్టుకున్నాను. పొడి అరుగు మీద రాలింది. పిల్లను ఎత్తి దూరంగా నిలబెట్టి, తల చూశాను. ఇంకా పెట్టలేదు. అమ్మ బిత్తరపోయి, ఏమైంది అబ్బయా, ఈ జీపేంది అంది. చెప్పాలి. దేశంలో అందరి ఇళ్లల్లోకి దూరి నిజాలు లాగినవాణ్ణి, మా అమ్మకు ఒక్క నిజం చెప్పలేక చెయ్యి పట్టుకుని నిలబడ్డాను.

నా వెనక కుళ్ళాయమ్మ జీపు దిగింది. ఇరవై ఏడేళ్ల తర్వాత ఆ వీధి మట్టి తొక్కి, నేరుగా వచ్చి అరుగు మీద డబ్బాకు మూత పెట్టింది.

"ఈ పొడి పాతదైతే పనిచేయదంట వదినా. హమీదు అదే చెప్పల్లని వచ్చినాడు. ఆముదం తే. సన్నదువ్వెన తే. పిల్లకు నేను దువ్వుతా," అంది. మళ్లీ అబద్ధం. మళ్లీ మా అమ్మ కోసమే.

అమ్మ ఆమెను చూసింది. తర్వాత, డబ్బా మూతను వదలకుండా నొక్కిపట్టిన ఆమె చేతిని చూసింది. పిల్ల పుండ్ల తల చూసింది. తన అరచేతిలో మిగిలిన తెల్లటి పొడి చూసుకుంది. ఊరంతా తెలివిగల కొడుకని నన్ను మెచ్చుకుంటారు గానీ, ఆ తెలివి నాకు ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో ఆ క్షణాన తెలిసింది.

"కుళ్ళాయమ్మా," అంది మెల్లగా, "మన రోషన్‌కి గూడా ఇదేనా?"

కుళ్ళాయమ్మ మా అమ్మ పక్కన కూర్చుని, తన కొంగు తడిపి, ఆ అరచేతిలోని పొడిని తుడవడం మొదలుపెట్టింది.